సాంస్కృతిక దూరం, ప్రవేశ విధానం: మీ పరిశోధన ప్రశ్నకు సమాధానం

సాంస్కృతిక దూరం, అంటే రెండు దేశాల సంస్కృతుల మధ్య తేడా, పెరిగేకొద్దీ విదేశంలోకి ప్రవేశించే సంస్థలు పూర్తి యాజమాన్యానికి బదులు జాయింట్ వెంచర్‌ను (మరో సంస్థతో ఉమ్మడి యాజమాన్యాన్ని) ఎంచుకుంటాయా అన్న మీ పీహెచ్‌డీ ప్రతిపాదనను, కొత్తదనం లేదంటూ గైడ్ తిప్పి పంపారని రాశారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 1988లోనే కోగుట్, సింగ్ అనే ఇద్దరు పరిశోధకులు, దేశాల సంస్కృతులను అంకెల్లో చూపే హాఫ్‌స్టెడ్ కొలతల ఆధారంగా ఒక సూచీని రూపొందించి, అమెరికాలో ప్రవేశించిన విదేశీ సంస్థలపై దాదాపు ఇదే ప్రశ్నను పరీక్షించారు.

అయినా అంశాన్ని వదులుకోనక్కరలేదు. ఆ సూచీ ప్రకారం జపాన్ సంస్థ బ్రెజిల్‌కు వెళ్ళినా, బ్రెజిల్ సంస్థ జపాన్‌కు వెళ్ళినా దూరం ఒక్కటే. ఈ సమానత్వపు ఊహనే 2001లో షెన్కర్ విమర్శించారు. కాబట్టి ఒకే జంట దేశాల మధ్య రెండు దిశలలోనూ జరిగిన ప్రవేశాలను పోల్చి, నిర్ణయాలు ఎందుకు వేరవుతున్నాయని అడిగితే మీ ప్రశ్నకు పదును వస్తుంది. విదేశీ యాజమాన్యంపై చట్టపరమైన పరిమితి ఉన్న రంగాలను మాత్రం ముందే పక్కన పెట్టండి, ఎందుకంటే అక్కడ జాయింట్ వెంచర్ సంస్థ ఎంపిక కాదు, నిర్బంధం.

పనితీరును కూడా కొలుస్తానన్నారు. అది ఇంకా చిక్కైన పని. సంస్థలు తమ బలాబలాలను బట్టే ప్రవేశ విధానాన్ని ఎంచుకుంటాయి గనుక, మామూలు రిగ్రెషన్ (అంశాల మధ్య సంబంధాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. 1998లో షేవర్ ఈ స్వీయ ఎంపికను లెక్కలోకి తీసుకోగా, గ్రీన్‌ఫీల్డ్ ప్రవేశాలకు (ఉన్న సంస్థను కొనకుండా కొత్తగా స్థాపించిన వాటికి) అంతకుముందు కనిపించిన మనుగడ ఆధిక్యం నిలవలేదు. నా మాట వింటే, ఈ భాగాన్ని రెండో అధ్యయనానికి వాయిదా వేయండి.