టార్పెడో (నీళ్లలో దూసుకొచ్చి పేలే ఆయుధం) తగిలిన సరుకు ఓడల్లో కొన్ని ఓడలు నిమిషాల్లోనే, మరికొన్ని గంటల తర్వాత ఎందుకు మునిగేవి?

ముఖ్యంగా ఓడలో ఉన్న సరుకును బట్టి. టార్పెడో నీటిమట్టానికి కింద పెద్ద రంధ్రం చేస్తుంది. ఆ తర్వాత ఓడను ముంచేది లోపలికి వచ్చే నీళ్లే. అవి ఎంత పడతాయన్నది సరుకు గదిలో మిగిలిన ఖాళీ మీద ఆధారపడుతుంది. కలప వేసుకున్న ఓడలో గది నిండా తేలే దుంగలే, నీటికి చోటు తక్కువ. ఇనుప ఖనిజం అలా కాదు. చాలా బరువు కాబట్టి గది అడుగున కొంత పోయగానే ఓడ మోయగలిగినంత అయిపోతుంది, పైన అంతా ఖాళీ. రంధ్రం పడగానే ఆ ఖాళీలోకి సముద్రం దూసుకొస్తుంది. పడవలు దించే టైమ్ కూడా ఉండదు.

1942 సెప్టెంబరు 5న ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర బెల్ ఐలాండ్‌లో లంగరేసి ఉన్న రెండు ఖనిజపు స్టీమర్లను జర్మన్ జలాంతర్గామి యూ-513 ముంచింది. ముందు దెబ్బతిన్న సాగనాగా కొద్ది నిమిషాల్లోనే మునిగింది, 29 మంది చనిపోయారు. అది చూసిన లార్డ్ స్ట్రాత్‌కోనా సిబ్బంది వెంటనే పడవల్లోకి దిగిపోయారు. తర్వాత వాళ్ల ఓడ మునిగినా అందరూ బతికారు.

టార్పెడో తగిలితే ఓడ అక్కడికక్కడే ముక్కలైపోతుందని చాలామంది అనుకుంటారు. పేలుడు పదార్థాలు మోసే ఓడలకు అలా జరిగేది. మామూలు సరుకు ఓడల్లో ఎక్కువ భాగం మునిగింది నీళ్లు నిండే.