సోడియం ప్రమాదం, క్లోరిన్ విషం.. మరి ఉప్పు తింటే ఏం కాదేం?

సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు, ఒంట్లోకి వెళ్లాక ఉప్పు మళ్లీ ఆ రెండుగా విడిపోతే మనకేం కాదేం అని కదా మీరు అడిగింది.

విడిపోయే మాట నిజమే. కాకపోతే లోహంగా, వాయువుగా కాదు, అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులుగా. సోడియం దూకుడంతా పైకక్ష్యలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్‌ని వదిలించుకోవడానికే. ఉప్పులో అది ఎప్పుడో క్లోరిన్‌కి వెళ్లిపోయింది, నీళ్లలో కరిగినా తిరిగి రాదు. చారులో ఉప్పు వేసినప్పుడే ఆ విడిపోవడం అయిపోతుంది, పొట్టదాకా ఆగక్కర్లేదు. మరి ఒంట్లో అన్ని నీళ్లుంటే మనమెందుకు కరగం అంటారా? మన ప్రొటీన్లను కట్టి ఉంచేవి ఎలక్ట్రాన్లు పంచుకున్న సమయోజనీయ బంధాలు. ఉత్త నీళ్లకు అవి అంత తేలిగ్గా లొంగవు.

అయాన్ల సంగతి నాకు పుస్తకంలో కంటే చెరువు గట్టు మీదే బాగా అర్థమైంది. మాది భీమవరం దగ్గర, వనామీ రొయ్యల సాగు. బోరు నీళ్లు పెట్టిన చెరువులో ఒక్కోసారి చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగితే రొయ్య ఎగరదు. నడుం వంగి బిగుసుకుపోయి, తోక దగ్గర కండ తెల్లబడి ఉంటుంది. వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, మాకు ఎక్కువగా తగిలేది పొటాషియం, మెగ్నీషియం లోటు. సముద్రపు నీళ్లలో పొటాషియానికి సోడియం బరువులో దాదాపు 28 రెట్లు. బోరు నీళ్లలో ఉప్పదనం సరిపోయినా పొటాషియం వాటా బాగా పడిపోతుంది. అందుకే పొటాష్, మెగ్నీషియం చల్లుతాం. ఉప్పదనం ఒక్కటే చూసుకుని మురిసిపోతే పంట పోయినట్టే.

మనిషిదీ అదే లెక్క. రక్తంలో సోడియం లీటరుకు 135–145 మిల్లీమోల్స్, పొటాషియం 3.5–5. కణం లోపల ఇది తలకిందులు. ఆ తేడా నిలబెట్టడానికి కణం పొరలో ఉండే ఒక ప్రొటీన్ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. విడతకో ఏటీపీ అణువు ఖర్చు, కణానికి శక్తినిచ్చేది అదే. ఆ ఏటీపీని 1929లో కండరాల్లో కనుగొన్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మా వైపు పిల్లలకు ఇది ఒకటో పాఠంగా చెప్పాలి, నన్నడిగితే.

ఇక కొబ్బరి బొండాం. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, క్లోరైడ్. బొండాంలో ఉండేది ముఖ్యంగా పొటాషియం, సోడియం తక్కువ. అందుకే మే నెల ఎండలో పనివాళ్లకు బొండాంతో సరిపెట్టం, ఉప్పేసిన మజ్జిగ కూడా ఇస్తాం. మా మావయ్యకు కిడ్నీలు సరిగా పనిచేయవు. పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుందని డాక్టరు గారు బొండాలు మాన్పించారు. కోనసీమ మనిషి కదా, ఆయన గొణుగుడు ఇంకా ఆగలేదు. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లుంటే లో-సోడియం ఉప్పు కూడా డాక్టర్ని అడగకుండా కొనకండి, అందులో సోడియం తగ్గించి కలిపేది సాధారణంగా పొటాషియం క్లోరైడే.