తురిమి నొక్కిన షేవింగ్ సబ్బు ఊడొస్తోంది, నురగ నిలవట్లేదు

మీ రెండు సమస్యలకీ కారణాలు వేరు. స్టిక్ తురిమి స్టీల్ గిన్నెలోకి ఒకేసారి వేసి అదిమానన్నారు, సబ్బు ఊడేది అందుకే. నురగ చచ్చిపోయేది మీ మియాపూర్ బోరు నీళ్ల వల్ల.

1. ముక్కలన్నీ తీసి ఒక రోజు ఆరనిచ్చి, సన్న రంధ్రాల తురుముపీటపై మళ్లీ తురమండి.

2. 50 గ్రాముల తురుముకి అర టీస్పూను వేడినీళ్లు చాలు. చపాతీ పిండిలా పిసకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: చిన్న చిన్న ముద్దలుగా, గిన్నె అడుగు నుంచి మొదలుపెట్టి, బొటనవేలితో అంచులకు గట్టిగా నొక్కుతూ నింపాలి. మొత్తం ఉండ ఒకేసారి పెడితే అడుగున గాలి మిగులుతుంది. బ్రష్ నీళ్లు ఆ సందులోకి దిగి బిళ్ల కదలడం మొదలవుతుంది. వేలితో తట్టి చూడండి, బోలుగా మోగితే అక్కడ మళ్లీ నొక్కాలి.

4. మూత లేకుండా నీడలో, ఫ్యాను కింద రెండు రోజులు ఉంచండి. వానాకాలమైతే ఇంకో రోజు.

మైక్రోవేవ్‌లో కరిగించే ఆలోచన మానేయండి. ఇలాంటి గట్టి సబ్బు సరిగ్గా కరగదు, పొంగుతుంది, వాసన పోతుంది.

ఇక నీళ్లు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, నురగకి సబ్బు మిగలదు. గ్లాసుడు ఆర్‌ఓ నీళ్లు వేడిచేసి వాడండి. బ్రష్ నానబెట్టేది కూడా ఆ నీళ్లలోనే. బ్రష్ బోరు నీళ్లలో నానితే ఫలితం సగమే. సబ్బు మీద అర నిమిషం తిప్పి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ, బుడగలు కనపడకుండా మెరిసేదాకా గిలక్కొట్టండి.