అబ్బాయి డిఫెండర్ అవుతానంటున్నాడు, మెడిసిన్ సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు. బెలారస్‌లోని గ్రోద్నోలో మెడిసిన్ చదివి, ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకుని ఇక్కడే డాక్టర్‌గా స్థిరపడ్డాను. మా అబ్బాయికి 15 ఏళ్లు, వాళ్లమ్మలాగే బెలారస్ పౌరుడు. మార్కులు పదికి ఎనిమిది, తొమ్మిది వస్తాయి. స్పోర్ట్స్ స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, గోల్ పడకుండా వెనక కాపు కాసే డిఫెండర్‌గా, ప్రొఫెషనల్ అవుతానంటాడు. డబ్బు కడితే స్పెయిన్ అకాడమీలో చేరుస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. మెడిసినా, ఫుట్‌బాలా? పోల్చి చెప్పండి.

జవాబు: డాక్టర్ గారూ, ఈ ప్రశ్న నాకు క్రికెట్ పేరుతో వస్తుంది, బ్యాడ్మింటన్ పేరుతో వస్తుంది, గ్రోద్నో నుంచి ఫుట్‌బాల్ పేరుతో రావడం మాత్రం ఇదే మొదటిసారి. లోపలున్న భయం అన్నిటికీ ఒకటే. ఆటా కుదరక, చదువూ పోయి, 25 ఏళ్లకి వీడు ఏ దారీ లేకుండా ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలి? ముందు దానికే చెబుతాను. రోజూ ప్రాక్టీసుకి వెళ్లొచ్చి కూడా ఆ మార్కులు తెచ్చుకుంటున్న పిల్లాడు అంత తేలిగ్గా దారి తప్పడు. మీరు టెన్షన్ పడాల్సిన పిల్లల్లో మీ వాడు లేడు.

డిఫెండర్ జీవితం ఎలా నడుస్తుందో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు, సెర్గేయ్ గురెంకో మీ ఊరివాడే. 1972లో గ్రోద్నోలో పుట్టి, మీ ఊరి క్లబ్ నేమన్‌లోనే ఎదిగాడు, 1993లో ఆ క్లబ్ బెలారస్ కప్ గెలిచింది. మాస్కోలోని లొకొమోతివ్‌కి 1995లో వెళ్లాడు, అప్పటికి 22 నిండాయి. ఇటలీలో రోమా క్లబ్ పిలిచింది 1999లో, 26 నిండాక. అక్కడ కుదురుకోలేదు. స్పెయిన్‌లో జరగోజా, మళ్లీ ఇటలీలో పార్మా, పియాచెంజా అంటూ క్లబ్బులు మారాడు, ఆ తిరుగుడులోనే 2001లో స్పెయిన్ కప్పు, 2002లో ఇటలీ కప్పు చూశాడు, తర్వాత లొకొమోతివ్‌కే తిరిగొచ్చి 32 ఏళ్ల వయసులో, 2004లో, రష్యా లీగ్ గెలిచాడు. దేశం తరఫున 80 మ్యాచ్‌లు ఆడాడు. ఇందులో 15 ఏళ్లకే తేలిపోయింది ఏదైనా ఉందా, చెప్పండి. మిన్స్క్ వాడు అలెగ్జాండర్ మార్తినోవిచ్‌ని చూడండి, వాడూ డిఫెండరే, 2010లో రష్యా క్లబ్ క్రాస్నోదార్‌లో చేరాడు, అప్పటికి ఆ క్లబ్ పెట్టి రెండేళ్లే అయింది. అక్కడే పదేళ్లకు పైగా ఉండి, 2020లో క్లబ్ మొదటిసారి యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకి చేరినప్పుడు కూడా జట్టులో ఉన్నాడు. ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్ పది తప్పులు చేసి ఒక గోల్ కొడితే చాలు, డిఫెండర్ ఒక్క తప్పు చేస్తే గోల్ పడుతుంది, అందుకే కోచ్‌లు ఆ చోట కుర్రవాళ్లని తొందరగా దింపరు. ఆలస్యంగా పండే పంట ఇది.

అలాగని నేను ఆశ పెట్టడం లేదు. ఇలా పైకి వచ్చేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు స్లుత్స్క్, జోదినో లాంటి ఊళ్ల క్లబ్బుల్లో చిన్న చిన్న కాంట్రాక్టుల మీద ఆడుకుంటూ, మోకాలు నిలిచినన్నాళ్లు నెట్టుకొస్తారు. పైగా 2022 మార్చి నుంచి బెలారస్ జట్లు యూరప్ పోటీల్లో సొంత మ్యాచ్‌ని కూడా వేరే దేశంలో, ప్రేక్షకులు లేకుండా ఆడాల్సి వస్తోంది, అంటే మీ వాడికి బయటి క్లబ్బుల కంట్లో పడే అవకాశం మునుపటికంటే తక్కువ. ఇది వాడికి కూడా చెప్పండి, దాచొద్దు.

ఇక ఆ స్పెయిన్ సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడాలి, ఎందుకంటే ఈమధ్య యూరప్ అకాడమీ అనే మాట వింటే చాలు, తల్లిదండ్రులు ఇల్లు తాకట్టు పెట్టడానికి కూడా వెనకాడడం లేదు. 18 నిండని ఆటగాడిని వేరే దేశపు క్లబ్‌కి బదిలీ చేయడాన్ని ఫిఫా నిషేధించింది. మినహాయింపులున్నాయి, తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారితే ఒకటి, యూరోపియన్ యూనియన్ లోపల 16 నిండినవాళ్లకి ఒకటి. బెలారస్ ఆ యూనియన్‌లో లేదు. మరి ఆ ఏజెంటు మీ వాడిని ఏ నిబంధన కింద, ఏ క్లబ్ పేరు మీద రిజిస్టర్ చేయిస్తాడట? కాగితం మీద రాసిమ్మనండి. డబ్బు మీరు కడుతున్నారంటే అది హాస్టలూ కోచింగూ కొనుక్కోవడం, అంతే. ఆటగాడు కావాలనుకున్న క్లబ్ ఫీజు అడగదు. ఒక పేషెంటు ఇలాంటి వైద్యానికి డబ్బు కట్టబోతుంటే మీరు ఊరుకుంటారా? మరి సొంత కొడుకు విషయంలో ఇంత తొందరేమిటి?

పోల్చమన్నారు కాబట్టి ఒక్క మాట. మెడిసిన్ ఆరేళ్లు, దాన్ని 20 ఏళ్లకి మొదలుపెట్టినా డాక్టర్ అవుతారు, ఫుట్‌బాల్‌ని 20 ఏళ్లకి మొదలుపెట్టలేం. కాబట్టి ఇప్పుడు స్కూలూ ఆటా రెండూ నడవనివ్వండి, 11వ తరగతి పూర్తి చేయించండి, 18 దగ్గర ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేతికొస్తే ఆడనివ్వండి, రాకపోతే మీ మెడిసిన్ ఎక్కడికీ పోదు, ఆట వదలలేనంటే యాంకా కుపాలా యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ మీ ఊళ్లోనే ఉంది. బెలారస్‌లో మగపిల్లలకి సైనిక సేవ తప్పనిసరి కదా, ఏ చదువుకి వాయిదా ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి, చాలామంది ఇది మర్చిపోయి చివర్లో పరిగెడతారు.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో మార్కులున్నాయి, ఏజెంటు మాటలున్నాయి, అబ్బాయి సెంటర్‌లో ఆడతాడో, పక్కన ఆడతాడో లేదు, ఎడమ కాలో కుడి కాలో లేదు. ఎడమకాలి వాటం డిఫెండర్లు అరుదు, క్లబ్బులు వెతుక్కుంటాయి. వాడి మ్యాచ్ మొత్తం కూర్చుని ఎన్నాళ్లయింది? ఈ వారం వెళ్లండి. గట్టు మీంచి అరవకండి, అయిపోయాక తప్పులు ఏకరువు పెట్టకండి. కోచ్‌ని విడిగా కలిసి, వాడి వయసు జట్టులో వీడు ఎన్నోవాడు, పై వయసువాళ్లతో ఎందుకు ఆడించడం లేదు అని అడగండి, ఆయన చెప్పింది, ఆ కాలి సంగతి నాకు రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడదాం.