నిటారు కొండ మీద సైకిల్ ముందా, పరుగు ముందా?

కొండ బాగా నిటారుగా ఉంటే సైకిల్ కంటే పరిగెత్తేవాళ్లే ముందు పైకి చేరతారా అని అడిగారు. చేరతారు, కానీ కొండ నిజంగా అంత నిటారుగా ఉండాలి. మామూలు ఘాట్ రోడ్డు మీద సైకిల్‌దే పైచేయి.

విశాఖలో ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున్నే నేను సైకిల్ మీద, మా తమ్ముడు పరుగు మీద కైలాసగిరి ఎక్కేవాళ్లం. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు దాటేసరికి వాడు నాకు కనుచూపు మేరలో కూడా ఉండేవాడు కాదు. ఎక్కుడు మొదలయ్యాక కాసేపటికి వెనక నుంచి వాడి బూట్ల చప్పుడు వినిపించేది. మలుపుల్లో లోపలి అంచున రోడ్డు ఒక్కసారిగా లేస్తుంది కదా, అక్కడే దొరికిపోయేవాణ్ని. నా సైకిల్‌కి అన్నిటికంటే తేలిక గేర్‌లో ముందు, అంటే పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక చక్రం దగ్గరిదానికి 28. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు ముందుకు పోవాలి. వేగం గంటకు 6 కి.మీ.కి పడిపోతే కాళ్లు నిమిషానికి 40 చుట్లు కూడా తిరగవు. మోకాళ్లు పట్టేస్తాయి, హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, పడిపోకుండా చూసుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది. వాడేమో చిన్న చిన్న అంగలేస్తూ, "రా అన్నయ్యా" అంటూ దాటిపోయేవాడు.

చదునులో సైకిల్‌కి ముఖ్యమైన అడ్డం గాలే. శరీరం బరువు సీటు మోస్తుంది, తొక్కడం ఆపినా చక్రం దొర్లుతూనే ఉంటుంది. ఎక్కుడులో ఆ సుఖం లేదు. పైగా సైకిల్ బరువు కూడా మనమే మోయాలి.

పేరుమోసిన క్రీడాకారుల రికార్డులు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చదును ట్రాక్ మీద ఒక గంటలో మో ఫరా 2020లో 21.33 కి.మీ. పరిగెత్తాడు, ఫిలిప్పో గన్నా 2022లో 56.79 కి.మీ. తొక్కాడు. రెండున్నర రెట్లకు పైనే. అదే అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ రోడ్డు తీసుకోండి. సుమారు 12.2 కి.మీ., సగటున 12 శాతం ఎక్కుడు (అంటే వంద మీటర్లు ముందుకు పోతే 12 మీటర్లు పైకి), చివర్లో 22 శాతం. జొనాథన్ వయాట్ 2004లో 56 నిమిషాల 41 సెకన్లలో పరిగెత్తాడు. టామ్ డేనియల్సన్ 2002లో సైకిల్ మీద 49 నిమిషాల 24 సెకన్లలో ఎక్కాడు. తేడా ఏడు నిమిషాలే!

మనలాంటివాళ్లకు నేను వేసుకున్న లెక్క ఇది. మనిషి 70 కిలోలు, సైకిల్ 10 కిలోలు, కాళ్ల బలం 200 వాట్లు అనుకుందాం. 10 శాతం ఎక్కుడులో సైకిల్ గంటకు ఎనిమిదిన్నర కి.మీ., పరుగు ఏడున్నర. 15 శాతానికి వచ్చేసరికి రెండూ 6 దగ్గర కలుస్తాయి. అది దాటితే పరుగే నయం.

విశాఖలో ఉండగానే తర్వాత నేను వెనక 34 పళ్ల గేర్ వేయించాను. అప్పట్నుంచి అదే మలుపులో, అదే వేగానికి కాళ్లు 48 చుట్లు తిరిగేవి, హ్యాండిల్ తిన్నగా నిలిచేది, తమ్ముడు నన్ను దాటడం తగ్గింది. మీ సైకిల్‌కి ముందూ వెనకా ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి, మీరు ఎక్కే కొండ ఏదో రాయండి, లెక్క వేసి చెప్తాను.