‘సత్ప్రసాదం’, ‘ప్రసాదం’ ఒకటేనా?

సందేహం: మా పక్కింటివారు కతోలిక క్రైస్తవులు. వారి అమ్మాయికి జరిగిన వేడుక ఆహ్వానపత్రికలో ‘ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకారం’ అని అచ్చువేశారు. చిత్తూరులో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం అనే ప్రొటెస్టెంటు శాఖ) సంఘానికి చెందిన నా స్నేహితురాలిని అడిగితే, తాము దానిని ‘ప్రభు రాత్రి భోజనం’ అనీ ‘ప్రభువు బల్ల’ అనీ అంటామని చెప్పారు. తిరుపతిలో పుట్టి పెరిగిన మాకు ప్రసాదం అంటే తెలిసింది ఒకటే. క్రైస్తవుల సంస్కారానికి ఆ మాట వాడడం సరైనదేనా? ఈ పేర్లలో ఏది సరి? మేము తిరుమల ప్రసాదం వారింటికి పంపుతూ ఉంటాము. వారు తమ ప్రసాదం మాకెందుకు పంపరు? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: తిరుపతివారికి ఈ సందేహం రావడం సహజం. ఇక్కడ ప్రసాదం అనగానే లడ్డూ గుర్తుకు వస్తుంది. కళ్లకద్దుకొని నోట వేసుకోవడం గుర్తుకు వస్తుంది. అయితే దేవునికి నివేదించిన పదార్థం అన్నది ఆ మాటకు తరువాత స్థిరపడిన అర్థం. ‘ప్రసాదస్తు ప్రసన్నతా’ అని అమరకోశం చెబుతున్నది. తేటదనం, ప్రసన్నత, అనుగ్రహం అనేవి దాని తొలి అర్థాలు. భగవద్గీత చివరి అధ్యాయంలో అర్జునుడు ‘త్వత్ప్రసాదాన్మయాచ్యుత’ అన్నప్పుడు తినే వస్తువు ప్రస్తావనే లేదు. నీ అనుగ్రహం వల్ల నా మోహం తొలగిందని మాత్రమే అతడు చెబుతున్నాడు. మనం నేటికీ వాడే ‘ప్రసాదించు’ అన్న క్రియలోనూ, కావ్యాలకు చెప్పే ప్రసాదగుణంలోనూ ఆ పాత అర్థాలే నిలిచి ఉన్నాయి. నైవేద్యంగా పెట్టినది దేవుని అనుగ్రహంగా తిరిగి మన చేతికి వస్తుంది కనుకనే దానికీ ఆ పేరు వచ్చింది.

కతోలికులు తమ పూజలో స్వీకరించే అప్పానికి ‘సత్’ చేర్చి వాడుతున్నది ఈ అనుగ్రహార్థంలోనే. చిత్తూరు జిల్లా సరిహద్దుల్లో ఉన్నవారు దీనికి మంచి సాక్ష్యం ఇంటి దగ్గరే వినవచ్చును. అక్కడి తమిళ కతోలికులు ఇదే సంస్కారాన్ని ‘నర్‌కరుణై’ అంటారు. ‘మంచి కరుణ’ అని దాని అర్థం. ‘సత్’ ఉన్నచోట ‘నల్’, ‘ప్రసాదం’ ఉన్నచోట ‘కరుణై’ వచ్చాయి. తినే పదార్థం ఊసే అందులో లేదు. కనుక ఆలయ పరిభాషను ఎవరో అరువు తెచ్చుకున్నారని అనుకోనక్కరలేదు. సంస్కృతం నుంచి మనందరికీ వచ్చిన మాటను వారు తమ విశ్వాసానికి తగినట్టు వాడుకున్నారు.

ఇక ఆ విశ్వాసం ఏమిటన్నది తెలియనిదే మీ మిగిలిన ప్రశ్నలకు జవాబు దొరకదు. శిలువ మరణానికి ముందురాత్రి యేసు శిష్యులతో భోజనానికి కూర్చుని, రొట్టెను తీసుకుని, కృతజ్ఞతలు చెల్లించి, విరిచి, ఇది నా శరీరమని చెప్పి వారికిచ్చాడు. గిన్నెను ఎత్తి, ఇది నిబంధన (దేవునితో ఒడంబడిక) రక్తమని చెప్పాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడూ ఈ ఘట్టాన్ని చెబుతున్నాయి. వాటికంటె ముందే, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింతు సంఘానికి రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో ఇదే వృత్తాంతాన్ని తాను అందుకొని వారికి అప్పగించిన సంప్రదాయంగా చెప్పాడు. ఆ భోజనాన్ని మొదటి మూడు సువార్తలు యూదుల పాస్కా పండుగ విందుగా చెబుతాయి. నిర్గమకాండం 12వ అధ్యాయం ప్రకారం, యూదుల పూర్వులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడుదలైన రాత్రి ప్రతి ఇంటివారూ గొర్రెపిల్లను వధించి, దాని రక్తాన్ని ద్వారబంధాలకు పూసి, మాంసాన్ని పులియని రొట్టెలతో తిన్నారు. గొర్రెపిల్లను వధిస్తే చాలలేదు. తినవలసి కూడా ఉన్నది. క్రీస్తును పాస్కా గొర్రెపిల్లగా భావించే క్రైస్తవులకు భోజనం ఎందుకంత ముఖ్యమైనదో ఇక్కడ తెలుస్తుంది. ‘నిబంధన రక్తం’ అన్న మాట కూడా కొత్తది కాదు; అదే గ్రంథం 24వ అధ్యాయంలో వారి నాయకుడు మోషే బలిరక్తాన్ని ప్రజలపై చల్లుతూ పలికినదే.

కతోలికులు ముఖ్యంగా ఆధారపడే మరొక భాగం యోహాను సువార్త 6వ అధ్యాయం. పూర్వులు అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తిన్నా చనిపోయారనీ, పరలోకం నుంచి దిగివచ్చిన జీవాహారం తానేననీ, తాను ఇచ్చే ఆహారం తన శరీరమేననీ యేసు అంటాడు. వినేవారు తమలో తాము వాదులాడుకున్నారు. అప్పుడాయన మాటను మెత్తబరచలేదు. మూలమైన గ్రీకులో అంతవరకూ ‘తిను’ అన్న మామూలు క్రియ ఉండగా, 54వ వచనం నుంచి ‘నములు’ అన్న అర్థం ఉన్న క్రియ వస్తుంది. ఇది కఠినమైన మాట అని చాలామంది శిష్యులు వెళ్లిపోయారని 66వ వచనం. అది కేవలం పోలికే అయితే, వెళ్లిపోతున్నవారిని పిలిచి ఆ సంగతి చెప్పి ఉండేవాడు కదా అన్నది కతోలికుల వాదం. ఆ వాదానికి బలముందని నేను భావిస్తున్నాను.

అందువల్ల దివ్యబలిపూజలో, అంటే తమ ప్రధాన ఆరాధనలో, గురువు (పూజ జరిపే ఫాదర్) క్రీస్తు మాటలు పలికిన తరువాత అప్పం, ద్రాక్షారసం రంగు, రుచి, రూపం మారకుండానే వాటి ద్రవ్యం, అంటే అసలు తత్త్వం, క్రీస్తు శరీర రక్తాలుగా మారుతుందని కతోలిక శ్రీసభ నమ్ముతుంది. 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ, 1551లో ట్రెంట్ మహాసభ ఈ బోధనను నిర్ధారించి చెప్పాయి. ఆలయ ప్రసాదానికీ దీనికీ గల అసలు తేడా ఇదే. ప్రసాదం దేవుడిచ్చినది, సత్ప్రసాదంలో ఇచ్చేవాడే తనను తాను ఇచ్చుకుంటున్నాడని కతోలికుల నమ్మకం. అందుకే పూజ తరువాత మిగిలిన దానిని మందసంలో భద్రపరచి ఆరాధిస్తారు.

మీ ఇంటికి పంపకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది. అది చిన్నచూపు కాదు. దయచేసి మనసులో పెట్టుకోవద్దు. పౌలు అదే లేఖ 10వ అధ్యాయంలో, మనం విరిచే రొట్టె తినడం క్రీస్తు శరీరంలో పాలుపుచ్చుకోవడమే కదా అని అడిగి, రొట్టె ఒక్కటే కనుక అనేకులమైన మనం ఒక్క శరీరమని చెప్పాడు. ఈ సంస్కారానికి ఇంగ్లీషులో ఉన్న ‘కమ్యూనియన్’ అన్న మాటకు మూలం ఈ పాలుపుచ్చుకోవడమే. దానిని స్వీకరించడం అంటే ఆ విశ్వాసాన్నీ ఆ సంఘాన్నీ తనవిగా ఒప్పుకోవడం. అయోగ్యంగా తినవద్దని, ఎవరికి వారు తమను పరీక్షించుకోవాలని కూడా పౌలు హెచ్చరించాడు. అందువల్ల జ్ఞానస్నానం పొంది, బోధ నేర్చుకుని, పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) చేసిన తరువాతనే పిల్లలకు మొదటిసారి ఇస్తారు. ఏడేళ్ల ప్రాయం, అంటే వివేకం వచ్చే వయస్సు, చాలునని పదవ పయస్ పోపు 1910లో నిర్ణయించాడు. ఇంటికి తీసుకువెళ్లేది రోగులకూ గుడికి రాలేనివారికీ మాత్రమే. ఆ ఆచారాన్ని రెండవ శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత కూడా వర్ణించాడు.

పేర్ల సంగతి ఇంతకంటె సులభం. ‘ప్రభు రాత్రి భోజనం’ కొరింతు లేఖ 11వ అధ్యాయంలోనిది, ‘ప్రభువు బల్ల’ 10వ అధ్యాయంలోనిది, ‘రొట్టె విరుచుట’ అపొస్తలుల కార్యాల 2వ అధ్యాయంలోనిది. ఆర్కాటు మిషన్ అనే ప్రొటెస్టెంటు సంస్థ పనిచేసిన చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల ప్రొటెస్టెంటులు ఈ లేఖన పదాలనే పట్టుకున్నారు. కతోలికులు తమ నమ్మకాన్ని చెప్పే పదాన్ని ఎంచుకున్నారు. ఏదీ తప్పు కాదు, కానీ ఒకరి పేరును మరొకరికి తగిలించకూడదు. కతోలికుల గురించి రాసేటప్పుడు ‘చర్చిలో ప్రసాదం పంచారు’ అని రాయడం సరికాదు. ‘దివ్యసత్ప్రసాదం అందించారు’, ‘స్వీకరించారు’ అని రాయాలి. పాత ప్రార్థన పుస్తకాల్లో ‘లోకొను’ (లోనికి తీసుకొను) అన్న చక్కని తెలుగు క్రియ కూడా కనబడుతుంది. అది మరుగున పడకుండా వాడుకుంటే నాకు సంతోషం.

ఆహ్వానపత్రికల్లో కొందరు ‘సప్రసాదం’ అని అచ్చువేస్తున్నారు. ప్రసాదంతో కూడినది అని దాని అర్థం కనుక అది పొరపాటు. ‘సత్’ పక్కన పకారం వచ్చినప్పుడు తకారం అలాగే నిలుస్తుంది: సత్పురుషుడు, సత్పాత్రుడు, సత్ప్రసాదం. మీ పక్కింటివారి పత్రికలో ఉన్న రూపమే సాధువు.