రోలింగ్ స్టోన్స్ 'హాక్నీ డైమండ్స్'ను విమర్శకులు నిజంగా మెచ్చుకున్నారా, వాళ్ల వయసు చూసి పొగిడారా?

ఎక్కువ మంది నిజంగానే మెచ్చుకున్నారు. 2023 అక్టోబర్‌లో ఈ ఆల్బమ్ వచ్చేనాటికి ఈ బ్రిటిష్ రాక్ బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్‌కు 80 ఏళ్లు. సొంత పాటలతో ఆల్బమ్ చేసి అప్పటికే 18 ఏళ్లయింది. 1981 నాటి 'టాటూ యూ' తర్వాత వీళ్లు చేసిన మంచి పని ఇదేనని రాసినవాళ్లు చాలామంది. 2025లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా దక్కింది.

పొగడ్తల్లో పెద్ద వాటా ఇందులోని 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్'ది. ఏడు నిమిషాలు దాటే పాట. స్టీవీ వండర్ కీబోర్డు వాయించాడు, లేడీ గాగా గొంతు కలిపింది. పాట అయిపోయిందనుకున్న చోట మళ్లీ మెల్లగా మొదలై, జాగర్, గాగా పోటాపోటీగా పాడుతూ పైకి తీసుకెళ్తారు. నాకు అక్కడ ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వయసు చూసి పొగడాల్సిన అవసరమే లేదు.

అందరూ ఒప్పుకోలేదు. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ అయితే గట్టిగానే తప్పుబట్టింది. నిర్మాత ఆండ్రూ వాట్ సౌండ్‌ను మరీ నున్నగా చేశాడన్నది చాలామంది ఫిర్యాదు. అందులో నిజముంది. 'యాంగ్రీ' పాట వింటే గిటార్ల గరుకుదనం తగ్గినట్టు తెలిసిపోతుంది.

2021లో చనిపోయిన బ్యాండ్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ డ్రమ్స్ రెండు పాటల్లో వినిపిస్తాయి. చివరి పాటలో మాత్రం జాగర్, గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ ఇద్దరే ఉంటారు. బ్యాండ్‌కు పేరిచ్చిన, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాటను గిటార్, హార్మోనికాతో పాడారు. అందులో ఆ నునుపు అస్సలు లేదు.